డయాజాక్సైడ్ వేసినా మైటోకాండ్రియా ఉబ్బడం లేదు, ఎందుకు?

ప్రశ్న
ఎలుక గుండె మైటోకాండ్రియాలో ఏటీపీ-పొటాషియం ఛానల్ (ఏటీపీ ఉంటే మూసుకుపోయేది, తెరిస్తే పొటాషియం, దాంతో నీరు లోపలికి వచ్చి మైటోకాండ్రియా ఉబ్బుతాయి) పనితీరును 520 నానోమీటర్ల దగ్గర కాంతి పరిక్షేపణతో చూస్తున్నాం. క్యువెట్‌లో (కొలిచే చిన్న గాజు పాత్ర) 120 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, అదే కొలతలో 10 సక్సినేట్, 5 ఫాస్ఫేట్, కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ 0.1, కాస్త రోటినోన్ (శ్వాస గొలుసు తొలి మెట్టును ఆపేది). ప్రొటీన్ మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము. ఛానల్‌ను తెరిచే మందు డయాజాక్సైడ్ 30 మైక్రోమోలార్ వేసినా వేయకపోయినా గీత ఒకేలా వస్తోంది. ఛానల్‌ను అడ్డుకునే 5-హెచ్‌డీ (5-హైడ్రాక్సీడెకనోయేట్) 300 మైక్రోమోలార్ వేసినా కదలిక లేదు. మందు పాడైందంటారా?

జవాబు
మందు సంగతి తర్వాత. మీ మిశ్రమంలో మెగ్నీషియం, ఏటీపీ ఏవండీ? అవి లేకుంటే ఛానల్ మొదటినుంచీ తెరిచే ఉంటుంది. తెరిచిన తలుపును డయాజాక్సైడ్ మళ్లీ ఏం తెరుస్తుంది? 1 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 200 మైక్రోమోలార్ ఏటీపీ కలిపి ముందు మూయండి. ఏటీపీ సింథేజ్ ఎంజైమ్‌ను ఆపే ఆలిగోమైసిన్ కూడా వేయండి, లేదంటే ఆ ఎంజైమ్ వల్ల ఆ 200 నిలకడగా ఉండదు. అప్పుడు ఏటీపీతో ఉబ్బు తగ్గాలి, డయాజాక్సైడ్‌తో తిరిగి రావాలి, 5-హెచ్‌డీతో మళ్లీ పడిపోవాలి. 5-హెచ్‌డీదీ ఇదే పేచీ: మెగ్నీషియం, ఏటీపీ ఉండి, పైన డయాజాక్సైడ్ లాంటి ఓపెనర్ పనిచేస్తుంటేనే అది అడ్డుకుంటుంది.

మరో జవాబు
ఉబ్బితే శోషణ తగ్గాలి, పెరగకూడదు. డయాజాక్సైడ్ నీళ్లలో సరిగ్గా కరగదు. క్యువెట్‌లో అవక్షేపిస్తే ఆ మసక అసలు ఉబ్బును కప్పేస్తుంది. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో స్టాక్ చేసి, అంతే డీఎంఎస్‌ఓ కంట్రోల్‌లోనూ వేయండి. పొటాషియం బదులు టెట్రాఇథైలమ్మోనియం పెట్టిన క్యువెట్‌లో డయాజాక్సైడ్ ప్రభావం కనిపించకూడదు. 1 మైక్రోమోలార్ సైక్లోస్పోరిన్-ఏతో ఉబ్బు ఆగిపోతే మీరు చూస్తున్నది ఈ ఛానల్‌ని కాదు, సైక్లోస్పోరిన్-ఏ అడ్డుకునే మరో రంధ్రమైన పర్మియబిలిటీ ట్రాన్సిషన్ పోర్‌ని.

ఇంకో మాట
డయాజాక్సైడ్‌ను 100 మైక్రోమోలార్ దాటించకండి. ఆ మోతాదులో అది సక్సినేట్‌ను వాడుకునే ఎంజైమ్ సక్సినేట్ డీహైడ్రోజినేజ్‌ను అణుస్తుంది, మీరు పెడుతున్న తిండేమో సక్సినేటే! 5-హెచ్‌డీ కూడా మైటోకాండ్రియాలో కొవ్వు ఆమ్లంలా కోఎంజైమ్-ఏతో కలిసిపోతుంది. అందుకే మందులొక్కటే సాక్ష్యమంటే సమీక్షకులు ఒప్పుకోరు. 1991లో ఎలుక కాలేయ మైటోప్లాస్టుల్లో (బయటి పొర తీసేసిన మైటోకాండ్రియా) ఛానల్ గుండా పోయే విద్యుత్తును కొలిచే ప్యాచ్ క్లాంప్‌తో ఈ ఛానల్ కనిపించినా, జన్యువుల విషయంలో వాదన చాలాకాలం సాగింది. 2019లో పాడువా బృందం రంధ్రానికి సీసీడీసీ51, ఏటీపీని పట్టుకునే భాగానికి ఏబీసీబీ8 అనే జన్యువులని చూపింది. వీలైతే సీసీడీసీ51 తీసేసిన కణాల మైటోకాండ్రియాతో పోల్చండి.

ప్రశ్న అడిగినవారు
ఏటీపీ డైసోడియం లవణమే ఉంది, నేరుగా కలపవచ్చా?

జవాబు
వద్దండీ, ఆ ద్రావణం ఆమ్లంగా ఉంటుంది. ట్రిస్‌తో పీహెచ్ 7.2కు తెచ్చి వాడండి. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో సరిచేస్తే పొటాషియం లేని కంట్రోల్‌లోకి కూడా పొటాషియం వచ్చేస్తుంది.