ది ఎక్స్‌ఎక్స్ ‘ఫాంటసీ’: ఈ పాటను ఎలా వినాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

మిత్రులకు నమస్కారం. లండన్‌కు చెందిన ది ఎక్స్‌ఎక్స్ బృందం 2009లో విడుదల చేసిన తొలి ఆల్బం గురించి ఎక్కడ చర్చ జరిగినా ‘ఇంట్రో’, ‘క్రిస్టలైజ్డ్’, ‘ఐలాండ్స్’ పాటల ప్రస్తావనే వస్తుంది. 11 పాటలలో సరిగ్గా మధ్యన, ఆరవదిగా ఉన్న ‘ఫాంటసీ’ గురించి ఎవరూ మాట్లాడరు. నాకు ఆ పాటంటే ఎంతో ఇష్టం. అయితే ఫోన్‌లో పెట్టుకుని విన్నప్పుడు గిటారు నాదం, ఎక్కడో దూరం నుంచి వచ్చే గొంతు తప్ప మరేమీ వినిపించదు. రెండో సగానికి వచ్చేసరికి పాట ముందుకు సాగక నిలిచిపోయినట్టు తోస్తుంది. కావాలనే అలా వదిలేశారా, లేక నేను వినవలసినది ఇంకేమైనా ఉందా?

జవాబు (బరంపురం నుంచి)

నమస్కారమండీ. మీకు వినపడనిది పాటలో ఉంది, ఫోన్ స్పీకరు దానిని పలికించలేకపోతోంది. బేస్ గిటారులో అన్నిటికన్నా లావైన తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే సెకనుకు సుమారు 41 ప్రకంపనల స్వరం వస్తుంది. వేలి గోరంత స్పీకరుకు అంత మంద్రస్థాయి అందదు. ‘ఫాంటసీ’ మొదటి భాగమంతా ప్రతిధ్వనిలో నానిన గిటారు, బృంద గాయకుడు ఆలివర్ సిమ్ లోగొంతుకతోనే గడుస్తుంది. పాట మలుపు తిరిగేది మధ్యలో బేస్ ప్రవేశించినప్పుడు. ఆ ఒక్కటీ వినపడకపోతే పాట నిలిచిపోయినట్టు అనిపించడంలో వింత లేదు. మన వైపు జముకుల కథ విన్నవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: తీగను బిగిస్తూ సడలిస్తూ జముకు మీటినప్పుడు ఆ నాదం చెవికన్నా ముందు గుండెకు తగులుతుంది, ఇక్కడి బేస్ కూడా అటువంటిదే. చెవిలో బిగువుగా కూర్చునే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఒకసారి విని చూడండి.

జవాబు (సిరొంచ నుంచి)

బరంపురం మిత్రులు చెప్పినది నిజం. దానికి తోడు, ఈ పాటను విడిగా కాక ఆల్బం వరుసలోనే వినాలని నా అభిప్రాయం. దీనికి ముందున్న ‘హార్ట్ స్కిప్డ్ ఎ బీట్’లో బృంద గాయని రోమీ మాడ్లీ క్రాఫ్ట్, ఆలివర్ ఇద్దరి గొంతులూ ఉంటాయి, ‘ఫాంటసీ’లో ఆలివర్‌ది, తర్వాతి ‘షెల్టర్’లో రోమీది ప్రధానమవుతాయి. ఇద్దరూ కలిసి పాడిన పాట వెంటనే ఒక్కొక్కరినీ ఏకాంతంలో నిలబెట్టిన ఆ క్రమంలోనే ‘ఫాంటసీ’ విలువ తెలుస్తుంది. నిడివి మూడు నిమిషాలైనా లేదు, అయినా ఆల్బం మానసిక స్థితి మారేది అక్కడే. బృంద సభ్యుడు జేమీ స్మిత్ స్వయంగా నిర్మాణ బాధ్యత వహించడం వల్లనేమో, ఖాళీని ఏదో ఒకదానితో నింపెయ్యాలన్న ఆత్రుత ఎక్కడా కనిపించదు. పాటలు కలగాపులగంగా వచ్చే పద్ధతిలో వింటే ఇదంతా చెదిరిపోతుంది.

జవాబు (రాయగడ నుంచి)

ఒక్క మాట చేరుస్తాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాక ఫోన్‌లో బేస్ పెంచే అమరిక ఏదైనా ఉంటే తప్పక ఆపివేయండి. అది ఉంటే మంద్రస్వరాలన్నీ ఒకే హోరుగా కలిసిపోయి, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి బేస్ జారే తీరు వినపడదు.