మూడో తరగతి పిల్లాడు: కథ చెప్తాడు, రాయమంటే రాయడు

అలిపిరి అమ్మ:
మావాడికి ఎనిమిదేళ్లు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం వేశాం. ఒంటినిండా తెల్ల నామంసుద్ద, చేతిలో వేపమండ. ఇంటికొచ్చి వాళ్ల అవ్వకు అరగంట చెప్పాడు. సుద్ద ఎండి ముక్కు బిగుసుకుందట, తుమ్మితే పెళ్లలు రాలాయట. అదే రాయమంటే: "నేను జాతరకు వెళ్లాను. వేషం వేశాను. బాగుంది." అంతే! స్కూల్లో కథ అడిగితే కుందేలు-తాబేలు మక్కీకి మక్కీ దించేస్తాడు. టెన్షన్‌గా ఉంది. ట్యూషన్ పెట్టాలా?

కొర్లగుంట నాన్న:
రోజూ ఒక పేజీ కాపీరైటింగ్ చేయించండి. అదే వస్తుంది.

చిత్తూరు టీచరమ్మ:
రాదండీ. దస్తూరి కుదురుతుంది, అంతే. ఇరవై ఏళ్లుగా ఒకటి నుంచి మూడు తరగతులకు చెప్తున్నా. ఈ వయసులో 'వేషం'లో శ రాయాలా, ష రాయాలా అన్నదానికే బుర్ర సరిపోతుంది. ఆలోపు తుమ్ము జారిపోతుంది. రాయడం తెలిసిన మాట 'బాగుంది', అందుకే అది రాస్తాడు.

ట్యూషన్ వద్దమ్మా. వాడు చెప్తుంటే మీరు రాయండి, వాడి మాటల్లోనే. తర్వాత చదివి వినిపించండి. మా క్లాసులో ఒక పాప ఆవు ఈనిన కథ చెప్పింది. నేను చదువుతుంటే, "కాదు టీచర్, దూడ లేచి పడింది, మళ్లీ లేచింది" అని దిద్దింది. పెన్సిల్ పట్టకుండానే!

ఇంకోటి. 'తర్వాత ఏమైంది' అని అడక్కండి, ఆ దారం వాళ్లే లాగుతారు. 'ఎందుకు' అని అడగండి. జాతర కథే తీసుకోండి: గంగమ్మకు భయపడి దాక్కున్న పాలెగాడు, ఆమె దొర వేషంలో వస్తేనే ఎందుకు బయటికొచ్చాడు? నిజంగా దొరే అనుకుని. ఆ 'అనుకుని' పిల్లల రాతలోకి రావడానికి నెలలు పడుతుంది, తొందరపడొద్దు. కుందేలు కథ దించినా తిట్టకండి. ఈసారి తాబేలు నిద్రపోతే ఏమయ్యేదో రాయమనండి. ఎర్రపెన్ను మాత్రం దాచేయండి.

కొర్లగుంట నాన్న:
సరే టీచర్. మా పాప చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేసి, విని రాసుకోమంటే?

చిత్తూరు టీచరమ్మ:
బాగానే ఉంటుంది. కాకపోతే పాజ్ నొక్కడమే ఆటైపోతుంది, చూసుకోండి.

అలిపిరి అమ్మ:
నిన్న వాడు చెప్తే నేను రాశా. పేజీన్నర! చదివి వినిపిస్తే, "అన్నిసార్లు 'ఆ తర్వాత' అంటావేమమ్మా" అని నన్నే అన్నాడు. తుమ్ము దగ్గర పెన్సిల్ లాక్కుని తనే రాశాడు. 'వేశం' అని రాశాడు. నోరు మూసుకున్నా.