రెండు మానిటర్లకి గ్రాఫిక్స్ కార్డ్ తప్పనిసరా, కేబుల్‌తో అయిపోతుందా?

డీటీపీ_హన్మకొండ:
అందరికి నమస్తే. ఇంట్లనే డీటీపీ చేస్త, పెళ్లి కార్డులు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు. పోయినేడు ఆఫీసుల తీసేసిన సన్న సీపీయూ ఒకటి సెకండ్ హ్యాండ్ల కొన్న, ఐ5 4590, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. ఇన్నొద్దులు 19 ఇంచుల మానిటర్ ఒక్కటే, వీజీఏ వైరు మీద నడుస్తుంది. మొన్న 24 ఇంచులది తెచ్చిన, దానికి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది. ఒక దాంట్ల పేజ్‌మేకర్, ఇంకోదాంట్ల కస్టమర్ వాట్సాప్‌ల పంపిన మ్యాటర్ పెట్టుకుంటే ఊకె కిందికి మీదికి చేసుడు తప్పుతదని ఆశ. షాపాయన ఏమంటుండంటే రెండు మానిటర్లంటే కార్డ్ పడాల్సిందే, జీటీ 710 2 జీబీది 3,800కి వేస్తా అంటుండు. సీపీయూ ఎనక చూస్తే వీజీఏ ఒకటుంది, దాని పక్కన ఒక మూల కోసేసినట్టున్న రంధ్రాలు రెండున్నయి, అవేందో తెల్వది. తీసుకోవాల్నా వద్దా?

ర్యాక్‌కింద_పిల్లి:
ఆ మూల కోసినవే డిస్‌ప్లేపోర్ట్ అన్నా. మీ ప్రాసెసర్‌లోనే హెచ్‌డీ గ్రాఫిక్స్ 4600 అని బొమ్మ చూపించే చిప్ ఉంది, అది మూడు స్క్రీన్ల దాకా నడుపుతుంది. డిస్‌ప్లేపోర్ట్ టు హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి తెచ్చి గుచ్చండి, విండోస్ కీ, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టండి, పని అయిపోయింది. 3,800 జేబులో పెట్టుకోండి.

బెజవాడ_బిల్డర్:
కేబుల్‌తో వెలుగుతుంది, ఎవరు కాదన్నారు. వెలగడం వేరు, రోజంతా పని చేయడం వేరండి. ఆన్‌బోర్డ్‌కి, అంటే ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కి, సొంత మెమరీ ఉండదు, ఉన్న 8 జీబీలోంచే కొరుక్కు తింటుంది, పైన కోరల్, ఫోటోషాప్ కూడా తెరిస్తే ఇంకేముంది. పైగా వీపీ9 అనే వీడియో ఫార్మాట్‌ని విప్పే పని (డీకోడింగ్) ఆ చిప్‌కి హార్డ్‌వేర్‌లో పూర్తి స్థాయిలో లేదు, యూట్యూబ్ ఎక్కువ వీడియోలు పంపేది అందులోనే, పక్క స్క్రీన్లో 4కే పాట పెట్టి చూడండి ఫ్యాన్ ఎలా అరుస్తుందో. నేను ఇంట్లో ఇలాంటి మిషన్ మీదే రెండేళ్లు అవస్థ పడ్డాను కాబట్టి చెప్తున్నా. కార్డ్ వేసుకోవడమే మంచిది.

ర్యాక్‌కింద_పిల్లి:
వేసుకోమంటున్నారు సరే, ఏ కార్డ్? ఆయనకి అంటగడుతున్నది జీటీ 710. దానికీ వీపీ9 రాదు గురూ! 2016లో వచ్చిన కార్డే అయినా లోపలున్నది అంతకంటే పాత కెప్లర్ చిప్, తయారుచేసిన ఎన్‌విడియా వాటికి 2021లో మామూలు డ్రైవర్లు ఆపేసింది, 2024 సెప్టెంబర్‌తో సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా అయిపోయాయి. అంటే మీరు చెప్పిన జబ్బుకి ఆ మందు పనిచేయదు, డబ్బులు మాత్రం పోతాయి.

మెమరీ సంగతి కూడా లెక్క వేద్దాం. 1920 ఇంటూ 1080 పిక్సెళ్లు, పిక్సెల్‌కి 4 బైట్లు, మొత్తం 83 లక్షల బైట్లు, అంటే ఒక తెర బొమ్మకి 8 ఎంబీ చిల్లర. రెండు తెరలకి 16. విండోస్ నాలుగైదు కాపీలు దాచుకున్నా 8 జీబీలో అదొక లెక్కా. మెమరీ తినేది ఫోటోషాప్, బ్రౌజర్, వాటికి కావాల్సింది ఇంకో ర్యామ్ స్టిక్.

బెజవాడ_బిల్డర్:
710 కొనమని నేనెక్కడ అన్నాను? నా ఓటు జీటీ 1030కి. వీపీ9 వస్తుంది, 30 వాట్లే, విడిగా పవర్ వైరు అక్కర్లేదు. కొనేటప్పుడు జీడీడీఆర్5 రకం మెమరీ ఉన్నది అని నొక్కి అడగాలి, ఎందుకంటే 2018లో అదే పేరుతో డీడీఆర్4 వేసి ఇంకోటి వదిలారు, మెమరీ స్పీడు సెకనుకి 48 జీబీ నుంచి 17 లోపుకి పడిపోయింది, డబ్బా చూస్తే తేడా తెలీదు.

ర్యాక్‌కింద_పిల్లి:
ఇది నిజమే, ఒప్పుకుంటా. కానీ ఆయన పాత మానిటర్ వీజీఏ కదా. 1030 మీద ఎక్కువగా హెచ్‌డీఎంఐ, డీవీఐ-డీ ఉంటాయి, డీవీఐ-డీలో అనలాగ్ పిన్నులు ఉండవు, వంద రూపాయల మామూలు కన్వర్టర్ పెడితే బొమ్మ రాదు, లోపల చిప్ ఉన్నది కొనాలి. సన్న సీపీయూకి పొట్టి బ్రాకెట్ కూడా కావాలి. కార్డ్ పెట్టగానే కొన్ని బోర్డులు ఆన్‌బోర్డ్‌ని ఆపేస్తాయి, బయోస్‌లోకెళ్లి మల్టీ మానిటర్ ఆన్ చేస్తే గానీ పాత వీజీఏ పోర్ట్ పలకదు. ఇదంతా దేనికి, పేజ్‌మేకర్‌కా? దానికి గ్రాఫిక్స్ కార్డ్ ఉందో లేదో కూడా తెలీదు.

గేమర్_తమ్ముడు:
అన్నా ఓఎల్‌ఎక్స్‌లో ఆర్ఎక్స్ 570 చవగ్గా వస్తున్నాయి, అది లాగేయ్, గేమ్స్ కూడా ఆడుకోవచ్చు

బెజవాడ_బిల్డర్:
తమ్ముడూ సన్న సీపీయూ అన్నారుగా, మూతే పడదు. ఆ కార్డ్ 150 వాట్లు లాగుతుంది, ఆ డబ్బాలో ఉన్న సప్లైకి దాని పవర్ వైరే ఉండదు. 2022 సెప్టెంబర్లో ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక బజార్లోకి వచ్చిపడ్డ సరుకు అందులో ఎంతో, రాత్రింబవళ్లు కాలిన కార్డులవి. ఇంట్లో పెట్టుకోమని నేనైతే చెప్పను.

అర్ధరాత్రి_కోడర్:
మధ్యలో దూరుతున్నా, నాది ఐ5 12400ఎఫ్, కార్డ్ లేదు, బోర్డ్ మీద హెచ్‌డీఎంఐ, డీపీ (డిస్‌ప్లేపోర్ట్) రెండూ ఉన్నాయి. నాక్కూడా కేబుల్స్ చాలు కదా?

ర్యాక్‌కింద_పిల్లి:
మీకు చాలదు. చివర ఆ ఎఫ్ ఉందే, అదే కొంప ముంచేది, అందులో గ్రాఫిక్స్ ఉండవు, బోర్డ్ మీద పోర్టులు అలంకారమే. మీరు బెజవాడ గారి మాట వినండి. కోడింగ్‌కైతే 1030 చాలు, కొంచెం కొత్తది కావాలంటే ఆర్ఎక్స్ 6400 చూడండి, 53 వాట్లు, హెచ్‌డీఎంఐ ఒకటి డీపీ ఒకటి ఇస్తారు. కానీ దాంట్లో వీడియోని కుదించి రికార్డ్ చేసే ఎన్‌కోడర్ లేదు, స్క్రీన్ రికార్డింగ్ చేసేవాళ్లు జాగ్రత్త.

బెజవాడ_బిల్డర్:
చూశారా, చివరికి కార్డ్ అనే అన్నారు 😄

డీటీపీ_హన్మకొండ:
అన్నలూ కార్డ్ కొనలే, కేబుల్ తెచ్చిన. మొదటి రోజు నో సిగ్నల్. ఇప్పుడొస్తది అప్పుడొస్తదని రాత్రి పదకొండు దాక గుంజి పెట్టుడు, పెట్టి గుంజుడు. తెల్లారి పట్టపగలు చూస్తే హెచ్‌డీఎంఐ కొన పక్కన చిన్న యూఎస్‌బీ తోక ఏలాడుతుంది. షాపుల పిలగాడు ఉల్టాది ఇచ్చిండు, అది సీపీయూకి హెచ్‌డీఎంఐ ఉండి మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ ఉన్నోళ్లకు అట, మనకు దాని ఎదురుది కావాలె. రెండు వైర్ల కొనలూ చూస్తే ఒక్కతీరే ఉంటయి, ఎట్ల తెలుస్తది. మార్చుకొచ్చి పెట్టినంక టక్కున వచ్చింది.

పేజ్‌మేకర్ ఒక దిక్కు, వాట్సాప్ ఒక దిక్కు, మస్తుంది. 1080 పాటలకు ఫ్యాన్ లేస్తలేదు, 4కే పెడితే మాత్రం బెజవాడ అన్న చెప్పినట్టే లేస్తుంది, నాకు 4కే ఎందుకు, మానిటరే 1080ది.

ఒకటే తిప్పలు. ఒక పెళ్లి కార్డుకు కుంకుమ రంగు వేసిన, పాత మానిటర్ల ఎరుపు కనబడుతుంది, కొత్తదాంట్ల నారింజ కనబడుతుంది, ప్రెస్సుల ఏది వస్తదో దేవునికెరుక. దీనికి కూడా కార్డ్ కొనమనకుండ్రి.