కొత్త మంచు 40 సెంటీమీటర్లు పడ్డది, స్నోమొబైల్ వాలు మీదికి ఎక్కించొచ్చా?

గుట్టకింద_నల్లగొండ:

అన్నలకు నమస్తే. వచ్చే వారం నల్లగొండ నుంచి అమెరికాల యూటాకు, మా బావ వాళ్లింటికి పోతున్నం. వాళ్లు ఆదివారాలు యూయింటా కొండల్లో స్నోమొబైల్ (ముందట స్కీలు, వెనక ట్రాక్ అనే తిరిగే పట్టీ ఉండే మంచు బండి) నడుపుతరు, నన్ను గూడ తీస్కపోతమంటున్నరు. బండి నడుపుడు వాళ్లే నేర్పుతరు, దాని గురించి రంది లేదు. మంచును ఎప్పుడు నమ్మాల్నో, ఎప్పుడు నమ్మొద్దో అదే సమజైతలేదు.

బావ పంపిన లెక్క ఇది. ముందు పడ్డ పాత మంచు 60 సెంటీమీటర్లు. ఆ తర్వాత మూడు వారాలు ఏం పడలే, రాత్రిళ్లు మైనస్ 18 దాకా చలి. మొన్న రెండు రోజుల్లో 40 సెంటీమీటర్ల కొత్త మంచు, దానితోని గట్టి పడమటి గాలి. ఇప్పుడు ఆకాశం తేటగున్నది. "పైన పరుపు లెక్క మెత్తగున్నది, కింద గట్టిగున్నది, ఇంతకన్న మంచి రోజు దొరకదు" అంటున్నడు. నిజమేనా? వాలు మీద ముందే వేరేవాళ్ల బండ్లు పోయిన జాడలు (ట్రాకులు) కూడా ఉన్నయట.

పాలమూరు_చెల్క:

తమ్మీ, వాలు మీది మంచు విరిగి జారిపడే (అవలాంచ్) ప్రమాదమంతా మీ బావ చెప్పిన లెక్కలనే ఉన్నది. అవే అంకెలు మళ్ల చూడు.

మంచు కింద నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గరుంటది. పైభాగం మైనస్ 18. నడుమ ఉన్న మంచు 60 సెంటీమీటర్లే. అంటే ప్రతి 10 సెంటీమీటర్లకు 3 డిగ్రీల తేడా. 10 సెంటీమీటర్లకు 1 డిగ్రీ దాటితేనే లోపల మంచు రూపం మారుడు మొదలైతది. కింది వెచ్చదనానికి ఆవిరి పైకి పోతుంటది, గింజలు ఒకదానికొకటి అతుక్కునుడు పోయి కోణాలు తేలిన పలుకులైతయి. చేతిల పోసుకుంటే దొడ్డు చక్కెర లెక్క జారిపోతది, ఎంత పిసికినా ముద్ద కాదు. మూడు వారాలంటే అట్ల తయారయ్యేదానికి సరిపోయేంత టైము. పల్చటి మంచు, పొడుగు చలి, తేట ఆకాశం, ఈ మూడు కలిస్తే కింద చక్కెర పొర ఉన్నదనే అనుకోవాలె. బావ "కింద గట్టిగున్నది" అన్నది తవ్వి చూసి చెప్పిండా, బండి దిగబడలేదని చెప్పిండా అడుగు.

దాని మీద ఇప్పుడు 40 సెంటీమీటర్ల కొత్త బరువు. గాలి లేకుంటే కొత్త మంచు పిండి లెక్క వదులుగుంటది. గాలి కొడితే గింజలు పగిలి, దగ్గరికి కూడి, ఒక్కటే పలక అయితది. వాలుగ పెట్టిన తాండూరు బండ కింద జొన్నలు పోసినట్టు అనుకో. బండ మంచిదే, నిలబడేటందుకు కింద ఏం లేదు. స్లెడ్ (అదే స్నోమొబైల్ బండి), మనిషి కలిపి మూడు క్వింటాళ్లకు అటు ఇటు ఉంటరు. ఆ బరువు స్కీ మీద పోయే మనిషి బరువు కన్న లోతుకు దిగుతది.

పడమటి గాలి అన్నవు గనక ఎక్కువ మంచు తూర్పు మొఖం వాలుల మీద, శిఖరం అంచు దాటినంక కింద కుప్పవడి ఉంటది. ఆకాశం నుంచి పడేదానికన్న గాలి పది రెట్ల దాకా వేగంగ మంచు పోస్తది. అందుకని "40 పడ్డది" అన్న లెక్క ఆ వాలుకు చెల్లదు, అక్కడ మీటరు కూడా ఉండొచ్చు. చూసెటందుకు నున్నగ, ఉబ్బిన దిండు లెక్క కనపడుతది, తొక్కితే డొల్ల చప్పుడు వస్తది. అందరికి ఎక్కబుద్ధయ్యేది కూడ అదే.

పోయినకాడ ఇవి చూడు: అదే దిక్కు వాలుల మీద కొత్తగ జారిన గుర్తులు, బండి కింద "గుప్పు"మని కుంగిన చప్పుడు, స్కీల ముందట అద్దం పగిలినట్టు ఉరికే చీలికలు. ఒక్కటి కనవడ్డా ఆ రోజు నిటారు వాలు ముచ్చట బంద్.

మిర్యాలగూడ_మిల్లు:

పై సమాధానం సరిగ్గా ఉంది. ఒక్క మాట కలుపుతాను: పొర ఎంత చెడ్డదైనా వాలు తక్కువైతే అది జారదు. కాబట్టి మొదట కోణం కొలవడం నేర్చుకోండి. పలకలు విరిగేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య, అందులోనూ 38 దగ్గర.

కంటి అంచనా మోసం చేస్తుంది. కర్రను వాలు వెంబడి మంచు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్‌లో చదవండి. ఫోన్‌ను నేరుగా మంచు మీద పెడితే చిన్న గుంటలు, గడ్డలు కోణాన్ని తప్పు చూపిస్తాయి. ఫోన్ చలికి ఆగిపోతే లెక్క సులువే: అడ్డంగా 100 సెంటీమీటర్లకు ఎత్తు 58 వస్తే 30 డిగ్రీలు, 78 వస్తే 38. మన దగ్గర ఎత్తు 1కి అడ్డం 2 చొప్పున పోసిన చెరువు కట్ట వాలు 27 డిగ్రీల లోపే. కట్ట ఎక్కినప్పుడు కాలికి తెలిసే ఆ నిటారుతనాన్ని గుర్తుపెట్టుకోండి. అంతకంటే నిటారుగా అనిపించిందంటే మీరు జారే వాలు మీద ఉన్నట్టే.

మీరు నిలబడిన చోటు చదునుగా ఉంటే సరిపోదు, పైన ఏముందో కూడా చూడాలి. చక్కెర పొర ఉన్న రోజు అడుగున బండి తిప్పినా పైనున్న నిటారు వాలు విరిగి మీద పడగలదు. అడుగున బండ్లన్నీ వరసగా ఆపి టీ తాగుతుంటారు చూడండి, ఆ చోటే చెడ్డది.

మ్యాపుల్లో వాలును రంగులతో చూపించే పొర ఉంటుంది. ముందురోజే చూసుకుని దారి గీసుకోండి. పది మీటర్ల చిన్న గట్లను ఆ మ్యాపు పట్టుకోలేదు కాబట్టి అక్కడ మళ్లీ కొలవాల్సిందే.

గుట్టకింద_నల్లగొండ:

మస్తు థాంక్స్ అన్నా. మరి ముందే ట్రాకులు ఉన్న వాలు గట్టివడ్డట్టే కదా? తవ్వి చూసుడు ఎట్లనో కూడా చెప్పున్రి.

దిండి_కట్ట:

ట్రాకులు భద్రతకు గుర్తు కాదు. పలక మందం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. నడిమధ్య మీటరు మందం ఉన్నచోట ఇరవై బండ్లు తిరిగినా కింది పొరకు దెబ్బ చేరదు. ఇరవై ఒకటోది అంచున, బండరాయి పక్కన, 30 సెంటీమీటర్ల పల్చటి చోట తగిలితే అక్కడ మొదలైన చీలిక వాలంతా పాకుతుంది.

తవ్వే పద్ధతి. ఎక్కాలనుకున్న వాలుకు అదే దిక్కు, దాదాపు అదే ఎత్తు, కానీ పైన ప్రమాదం లేని చిన్న వాలు ఎంచుకోండి. పార, మంచు రంపం, ప్రోబ్ కర్ర (మంచులో గుచ్చి చూసే పొడుగు కడ్డీ) ఉండాలి. మీటరు మంచు కాబట్టి నేల దాకా తవ్వి, గుంత పైవైపు గోడను నిలువుగా నున్నగా చెక్కండి. పొరకో చోట చేతితో నొక్కి చూడండి: పిడికిలి దిగితే చాలా మెత్తన, తర్వాత నాలుగు వేళ్లు, ఒక వేలు, పెన్సిల్, కత్తి. పైన ఒక వేలు మాత్రమే దిగే గట్టి పొర, దాని కింద పిడికిలి దిగే పొర ఉంటే అదే మీరు వెతుకుతున్నది.

తర్వాత దిమ్మె పరీక్ష. వాలుకు అడ్డంగా 90 సెంటీమీటర్లు, పైవైపుకు 30 సెంటీమీటర్లు ఉండేలా దిమ్మెను వెనకా పక్కలా రంపంతో విడదీయాలి. ఒక కొసన పారను బోర్లా పెట్టి మణికట్టు నుంచి 10 దెబ్బలు, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 కొట్టాలి. చీలిక మొదలైన దెబ్బకో, దాని తర్వాతి దెబ్బకో 90 సెంటీమీటర్లూ ఒకేసారి పాకిందా, ఆ వాలు వదిలేయండి.

పాకకపోతే? అక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఎండిన చెరువు శిఖంలో ఒకచోట పెచ్చు గట్టిగా ఉందని ట్రాక్టర్ దించితే నాలుగు గజాల అవతల బురదలో కూరుకుపోతుంది. ఇదీ అంతే. చెడ్డ ఫలితాన్ని నమ్మండి, మంచి ఫలితాన్ని ఒక్కదాన్నే పట్టుకుని నిటారు వాలు ఎక్కకండి. తవ్వడం కంటే ముందు యూటా అవలాంచ్ సెంటర్ పొద్దున ఇచ్చే యూయింటా బులెటిన్ చదవండి. ఏ దిక్కున, ఏ ఎత్తులో ప్రమాదమో అందులో బొమ్మగా ఉంటుంది. అయిదు ప్రమాద మెట్లలో మూడోది "కన్సిడరబుల్". మూడే కదా అని తేలిగ్గా తీసుకుంటారు గానీ ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ మెట్టు రోజునే.

పాలమూరు_చెల్క:

వాలు మీద ఒక్కరే ఉండాలె, మిగతా వాళ్లు పక్కన, బండ్ల మొఖం బయటికి పెట్టి, ఇంజన్ వెంటనే స్టార్ట్ అయ్యేటట్టు. పైన ఎవరన్న దిగబడితే ఇంకొకడు బండేసుకొని సాయానికి పోతడు, రెండో బరువుకు వాలు విరుగుతది. దిగబడ్డోడే తవ్వుకోవాలె: ఇంజన్ బంద్ చేసి, ట్రాక్ ముందట, రన్నింగ్ బోర్డుల (కాళ్లు పెట్టే పలకల) కింద మంచు తీసి, స్కీలను పల్లం దిక్కు గుంజాలె. ఎక్సలేటర్ నొక్కుకుంట కూసుంటే ట్రాక్ ఇంకా లోతుకు దిగుతది, బెల్టు కాలుతది. స్పేర్ బెల్టు లేకుండ కదలొద్దు.

ఇంకోటి. మంచు మరీ గట్టిపడి గడ్డ కట్టిన దారిల ఇంజన్ వేడెక్కుతది. ట్రాక్ ఎగజిమ్మే మంచే టన్నెల్ (ట్రాక్ మీది రేకు కప్పు) కింది కూలర్‌ను చల్లబరుస్తది. అటువంటి దారిల స్క్రాచర్లు (గడ్డమంచును గీకి పైకి ఎగజిమ్మే కడ్డీలు) దించి, టెంపరేచర్ చూస్కుంట పోవాలె, అప్పుడప్పుడు పక్కన మెత్తటి మంచులకు దించాలె.

మిర్యాలగూడ_మిల్లు:

బీకన్ (మంచు కింద పడ్డ మనిషిని వెతకడానికి సిగ్నల్ పంపే, పట్టే చిన్న పరికరం), ప్రోబ్, పార ఒంటి మీదే ఉండాలి. బండి బ్యాగులో పెడితే బండితో పాటే పోతాయి. మంచు కింద పడ్డ మనిషికి ఉన్నది మొదటి పది పదిహేను నిమిషాలే, అంటే తీయగలిగేది పక్కనున్న మీ నలుగురే. బీకన్ దగ్గర ఫోన్, బ్యాటరీతో వేడెక్కే గ్లవుజులు లాంటివి ఉంటే సిగ్నల్ చెడుతుంది: పంపేటప్పుడు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు ఎడం ఉంచండి. పార్కింగులో ఒకరు ముందుకెళ్లి నిలబడి, మిగతా ఒక్కొక్కరినీ దాటిస్తూ అందరి బీకన్లూ పంపుతున్నాయో లేదో చూడాలి. అమెరికాలో దిగే ముందే బావతో అద్దె బీకన్ ఒకటి మాట్లాడించుకోండి, ఒక పూట ఇంటి పెరట్లో దాచి వెతకడం ప్రాక్టీసు చేయండి.

గుట్టకింద_నల్లగొండ:

ఇదంతా బావకు ఫార్వర్డ్ చేసిన. తవ్వి చూడలేదట, బండి దిగబడలేదని గట్టిగున్నది అన్నడట. బులెటిన్ చూస్తే తూర్పు, ఈశాన్యం వాలులు కన్సిడరబుల్‌ల ఉన్నయి. ఈసారి చెట్ల నడుమ, పైన నిటారు లేని 25 డిగ్రీల లోపు మైదానాలకే పోదామని ఒప్పుకున్నడు. బీకన్ రెండు రోజులకు అద్దెకు చెప్పిండు.

దిండి_కట్ట:

మంచి నిర్ణయం. చెట్ల మధ్య ఒక్క జాగ్రత్త: కొమ్మలు నేలకు ఆనిన ఫర్, స్ప్రూస్ లాంటి సూదాకు చెట్ల మొదళ్ల చుట్టూ మంచు డొల్లగా ఉంటుంది, మనిషి తలకిందులుగా పడితే సొంతంగా రాలేడు. మొదలుకు బారెడు దూరంగా తిప్పండి, ముందున్నవాడు కనిపించేంత ఎడంలోనే ఉండండి.