'లక్ష్మణవజ్ఝల యింట రూకకున్': ఇది హోటలా, సత్రమా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వరంగల్ కోట చూద్దామని వెళ్ళి స్టేషన్ దగ్గర చిన్న లాడ్జిలో దిగాం. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, పొద్దున్నే బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చిచ్చారు. భోజనం మాత్రం బయట చూసుకోమన్నారు. అప్పుడు నాన్నగారు క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలోని పద్యం ఒకటి అందుకున్నారు. 'లప్పలతోడఁ గ్రొంబెరుగు లక్ష్మణవజ్ఝల యింట రూకకున్' అన్న చివరి పాదమే నాకు గుర్తుంది. ఈ వజ్ఝలగారిది హోటలా, సత్రమా? లప్పలంటే ఏమిటి?

జవాబు:
సత్రం కాదండీ. సత్రంలో అన్నం ధర్మానికి పెడతారు. ఇక్కడ పద్యం చివరి మాటే రూక, అంటే నాణెం! ఇది పూటకూటిల్లు. పూటకింత అని డబ్బు పుచ్చుకుని కూడు పెట్టే ఇల్లు.

క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయడి పేరు మీద ఉంది, శ్రీనాథుడిదే అని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆ తగవు ఇప్పుడు వద్దు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లంతా తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకుంటారు. ఆ తిరుగుడులో వచ్చే చోటే ఈ పూటకూటిల్లు.

పద్యం 'కప్పురభోగి వంటకము' అంటూ మొదలవుతుంది. అది మేలురకం బియ్యపు అన్నం. తరవాత గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన 'ఆలనే', అంటే ఆవునెయ్యి. ఆపైన పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోడానికి నాలుగైదు రకాలు. ఆఖర్న మీరడిగిన లప్పలు. లప్ప అంటే ముద్ద. గరిటె వేస్తే ముద్దగా లేచే కొత్త పెరుగన్నమాట.

నాకు ఈ పద్యంలో మహా ఇష్టమైన సంగతి ఒకటుంది. ఇందులో క్రియాపదమే లేదు. తిన్నాం, పెట్టారు, దొరుకుతుంది, ఏదీ లేదు. ఒకదాని వెనక ఒకటి వంటకాల పేర్లు, చివర్లో ఇల్లెవరిదో, ధరెంతో. గోడమీద బోర్డు చదువుతున్నట్టే ఉంటుంది. ధర అన్నిటికన్నా చివర పెట్టడం వల్ల 'ఇంతా ఒక్క రూకకేనా!' అన్న ఆశ్చర్యం వినేవాడికి దానంతటదే కలుగుతుంది. కవి నోరు విప్పి చవక అననక్కర్లేదు.

మరొకరు:
అయితే అక్కడ రాత్రి పడుకోనిచ్చేవారా? పద్యంలో గది ఊసే లేదు కదా.

జవాబు:
మంచి ప్రశ్న. ఈ పద్యంలో లేదు, నిజమే. కానీ అదే కావ్యంలో ఇంకో పద్యం పగలూ రేయీ 'పూటకూటింట వర్తించుఁ బుష్పశరుఁడు' అంటుంది. మన్మథుడు రాత్రిళ్ళూ అక్కడే తిరుగుతున్నాడంటే అది తిని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయే చోటు మాత్రమే కాదు. కన్యాశుల్కం నాటికి చూడండి, విజయనగరంలో గిరీశానికి తిండీ నీడా పూటకూళ్ళమ్మ దగ్గరే.

అయినా జనం ఆ ఇంటిని కూటితోనే గుర్తుపెట్టుకున్నారు, పడకతో కాదు. మన నోట హోటలు మాటకి పట్టిన గతి కూడా అదే. 'హోటల్లో తిన్నాం, లాడ్జిలో దిగాం' అంటాం. స్టార్ హోటళ్ళ సంగతి వేరు గాని, మామూలు ఊళ్ళో హోటలంటే ఇవాళ్టికీ ఇడ్లీ, భోజనమే. పూటకూటిల్లు పోయింది, దాని అర్థం హోటలుకి అంటింది. తిండీ పడకా రెండూ ఉన్నాయని చెప్పాలంటే 'బోర్డింగ్ అండ్ లాడ్జింగ్' అని విడివిడిగా రాసుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషమండీ. నాన్నగారికి చదివి వినిపించాను. రూక అంటే ఇప్పటి లెక్కలో ఎంతవుతుందని అడుగుతున్నారు.

జవాబు:
అలా మార్చి చెప్పడం నాకిష్టం లేదండీ. ఏ అంకె చెప్పినా ఊహే అవుతుంది. రూక చిన్న నాణెం, తరవాత తరవాత రూకలంటే మొత్తంగా డబ్బే అయిపోయింది. నాన్నగారికి మిగతా పాదాలు కూడా నోటికొస్తే, దయచేసి ఆయన గొంతుతోనే రికార్డు చేసి ఇక్కడ పెట్టండి.