ఆగస్టులో మోటర్‌హోమ్‌తో కోర్డోబా, పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా?

మ్యూనిచ్_మిర్చి:
అందరికీ నమస్తే అండీ. మేముండేది మ్యూనిచ్‌లో, అమ్మానాన్న ఊరి నుంచి వచ్చున్నారు, పిల్లలకి కూడా సెలవులే కదా అని స్పెయిన్‌లో మలగాలో మోటర్‌హోమ్ అద్దెకి తీసుకుని ఆగస్టు మొదట్లో అలా పైకి కోర్డోబా దాకా వెళ్దామని ప్లాన్. ఆ టైంలో అక్కడ 40 దాటుతుందని అందరూ భయపెడుతున్నారు. మా నాన్నేమో "మనది రెంటచింతల రా, ఈ తెల్లోళ్ళ ఎండ మనల్నేం చేస్తుంది" అంటారు. బండి ఎక్కడ పెట్టుకోవాలి, రాత్రి దాంట్లో నిద్ర పడుతుందా, ఆ పెద్ద మసీదు కాకుండా ఇంకేం చూడొచ్చు? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గ్వాడల్కివిర్_గట్టు:
వెళ్ళొచ్చు అండీ కానీ నాన్నగారికి ఒక్క మాట చెప్పండి, కోర్డోబా జిల్లాలోనే లా రంబ్లా అనే ఊళ్ళో 2021 ఆగస్టు 14న 47.6 డిగ్రీలు కొట్టింది, స్పెయిన్ రికార్డు అది. రెంటచింతలకి ఏం తీసిపోదు 😄

అన్నిటికంటే ముందు గడియారం సంగతి. మనం అలవాటుగా "మధ్యాహ్నం పడుకుని సాయంత్రం నాలుగైదుకి బయల్దేరదాం" అనుకుంటాం కదా, అక్కడ అది పనికిరాదు. వేసవిలో స్పెయిన్ గడియారం సూర్యుడి కంటే చాలా ముందుంటుంది, నడినెత్తికి ఎండ వచ్చేసరికే టైం రెండున్నర అవుతుంది, అసలు వేడి తగిలేది అయిదూ ఆరు మధ్యలో. పొద్దుగూకేది తొమ్మిది దాటాక. అందుకే పొద్దున్నే వెళ్ళి ఒంటిగంటకల్లా నీడకి చేరాలి, మళ్ళీ రాత్రి తొమ్మిదికి బయటికి రావాలి. ఊరి జనం కూడా అంతే, రాత్రి పదిన్నరకి చిన్నపిల్లలు సందుల్లో బంతాట ఆడుతుంటారు.

మెస్కీతా (మీరన్న పెద్ద మసీదు, ఇప్పుడది కేథడ్రల్) పొద్దున్నే పెట్టుకోండి. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో 8:30 నుంచి 9:30 దాకా ఉచితంగా వదుల్తుంటారు, వెళ్ళేముందు వాళ్ళ సైట్‌లో టైం ఒకసారి చూసుకోండి, పూజలున్న రోజు మారిపోతుంది. 785లో అప్పటి ముస్లిం పాలకుడు మొదటి అబ్దుర్ రహ్మాన్ మొదలెట్టించింది, 850కి పైగా స్తంభాలు, ఎరుపూ తెలుపూ కమాన్లు అలా పోతూనే ఉంటాయి, నడుస్తూ నడుస్తూ ఉంటే మధ్యలో హఠాత్తుగా ఎత్తైన చర్చి లేస్తుంది. 1236లో ఊరు క్రైస్తవ రాజుల చేతికొచ్చింది, ఆ చర్చి ముక్క 1523లో మొదలైంది. కొందరికి అది గుచ్చుకుంటుంది, నాకైతే ఆ అతుకే అసలు విశేషం. లోపల చల్లగా చీకటిగా ఉంటుంది, పెద్దవాళ్ళు ఎంతసేపైనా తిరగ్గలరు. మగవాళ్ళు టోపీ తీసెయ్యాలి.

అక్కణ్ణుంచి యూదుల పేట సందులు పక్కనే, గోడలు దగ్గరదగ్గరగా ఉండి పదిన్నర దాకా నీడుంటుంది. నది మీదున్న పాత రాతి వంతెన మాత్రం రాత్రికి ఉంచుకోండి, పగలు దానిమీద ఒక్క చెట్టు లేదు. మదీనా అజహరా (ఊరి బయటున్న పాత ఖలీఫాల రాజనగరం) శిథిలాలు కూడా అంతే, అంతా బయలు, ఆ ఎండలో అమ్మానాన్నలతో వద్దు. మరీ పోవాలనుంటే దానికి ముందున్న మ్యూజియం చూసి వచ్చెయ్యండి. సోమవారం చాలా చోట్ల మూసుంటుంది, జాగ్రత్త.

డీజిల్_దొర:
పైన అన్న చెప్పింది కరెక్ట్, నేను బండి గురించి చెప్తా. అద్దె బండికి పైన ఏసీ ఉంది అనగానే సంబరపడకండి, అది మామూలుగా బయటి 230 వోల్టుల కరెంటు ఉంటేనే తిరుగుతుంది, బండి బ్యాటరీతో కాదు. రోడ్డు పక్కన పార్కింగ్‌లో పెట్టుకుంటే రాత్రి ఏసీ లేనట్టే. డ్రైవింగ్‌లో వచ్చేది ముందు క్యాబిన్ ఏసీ, అది వెనక కూర్చున్నవాళ్ళకి అందీ అందనట్టుంటుంది. కాబట్టి కరెంటు పాయింట్ ఉన్న క్యాంప్‌సైటే తీసుకోండి, ఊళ్ళోనే ఉత్తరం వైపు ఎల్ బ్రియాంతే అని ఒకటుంది, సిటీ బస్సులో సెంటర్‌కి వచ్చెయ్యొచ్చు, ముందే బుక్ చేసుకోవాలి. ఎన్ని ఆంపియర్లో అడగండి. 6 అయితే ఏసీ నడుస్తుండగా రైస్ కుక్కర్ పెట్టారంటే ఫట్, ట్రిప్ అయిపోద్ది.

ఫ్రిజ్ కూడా, గ్యాస్‌తో నడిచే రకమైతే 35 దాటాక సరిగ్గా చల్లబడదు. ఫ్రిజ్ వెనక జాలీ ఏ పక్కనుందో చూసి ఆ పక్క సాయంత్రం ఎండ పడకుండా బండి తిప్పి పెట్టుకోండి. ముందద్దానికి బయటనుంచి వేసే వెండిరంగు కవర్ దొరుకుతుంది, లోపల కట్టే కర్టెన్‌తో దానికి పోలికే లేదు.

ఇంకోటి, జీపీఎస్ నమ్మి పాతబస్తీలోకి దూరకండి బాబూ. అక్కడి వీధుల్లో చాలావాటికి పర్మిట్ కావాలి, కెమెరాలున్నాయి, అసలు కొన్ని సందుల్లో ఆటో పట్టదు. పార్కింగ్‌లో రాత్రి పడుకోవడం వేరు, టెంటు గుడ్డ లాగి కుర్చీలు వేసుకోవడం వేరు, రెండోదాన్ని క్యాంపింగ్ కింద లెక్కేసి ఫైన్ రాస్తారు. పాస్‌పోర్టులు బండిలో వదలొద్దు.

రైలుబండి:
నన్నడిగితే మోటర్‌హోమ్ మలగా దగ్గర సముద్రపు ఒడ్డునే ఉంచేసి స్పీడ్ ట్రైన్‌లో పోండి, గంట చాలు. పొద్దున్నే దిగి, మధ్యాహ్నం ఏసీ రైల్లో వెనక్కి. వెనక్కొచ్చేసరికి గాలి ఉంటుంది, కోర్డోబాలో ఉండదు.

డీజిల్_దొర:
@రైలుబండి రాత్రి కోర్డోబా చూడకుండా వచ్చేస్తే ఏం చూసినట్టు? దీపాలు వేశాక ఆ వంతెన మీంచి చూడాలి.

మ్యూనిచ్_మిర్చి:
చాలా థ్యాంక్స్ అందరికీ, సాయంత్రం అయిదు సంగతి అస్సలు తట్టలేదు, మేము సరిగ్గా అప్పుడే బయల్దేరేవాళ్ళం. అమ్మ శాకాహారి, తిండి ఎలా?

వంకాయ_ఫ్యాన్:
సల్మొరేహో అని చల్లటి టమాటా సూప్ ఆ ఊరిదే, టమాటా, బ్రెడ్డు, వెల్లుల్లి, ఆలివ్ నూనె వేసి చిక్కగా రుబ్బుతారు, పైన పంది మాంసం ముక్కలూ గుడ్డూ చల్లుతారు, అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడే "సిన్ హామోన్, సిన్ వేవో" అనండి. వేయించిన వంకాయల మీద చెరుకు పాకం పోసి ఇస్తారు, పేరుకి బెరెన్హేనాస్ కోన్ మియెల్ (అంటే తేనెతో వంకాయలు), మా ఇంట్లో పిల్లలు కూడా ఎగబడి తిన్నారు. కాకపోతే అదే నూనెలో చేపలు వేయిస్తారేమో అడగండి, అమ్మగారికి పట్టింపుంటే. హోటళ్ళలో రాత్రి భోజనం ఎనిమిదిన్నర దాటాకే, అంతదాకా పెద్దవాళ్ళు ఆగలేరు కాబట్టి పెరుగన్నం బండిలోనే కానిచ్చెయ్యండి. ప్లెయిన్ పెరుగు ఏ సూపర్‌మార్కెట్లో అయినా దొరుకుతుంది, ఆదివారం చాలావరకు మూసుంటాయి, శనివారమే తెచ్చి పెట్టుకోండి. ఆ ఫ్రిజ్ పనిచేస్తే 😀