తక్కువ ఖర్చు సఫారీకి క్రూగర్‌లో మనమే కారు నడుపుకోవడమా, మసాయి మారాలో గ్రూప్ వ్యానా?

సవన్నా_శీను:
నలుగురు పెద్దవాళ్ళు, ఆగస్టు నెల, అడవిలో మూడు రోజులు. కెన్యాలోని మసాయి మారా ప్యాకేజీలో డ్రైవరే గైడు కాబట్టి అదే చవకంటారు కొందరు. నా ఓటు దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కుకి. కాదనేవాళ్ళు లెక్కతో చెప్పండి.

కంకరదారి:
ముందు గేటు రుసుము చూడండి. 2024 నుంచి మారాలో విదేశీయులకు మనిషికి రోజుకు జనవరి–జూన్‌లో 100 డాలర్లు, జులై–డిసెంబర్‌లో 200. అంటే మీ నలుగురికి మూడు రోజుల ప్రవేశానికే 2,400 డాలర్లు. వ్యాను, బస, తిండి వేరే. క్రూగర్‌లో విదేశీయుల రోజు రుసుము ఆ 200లో ఐదో వంతు కూడా ఉండదు. అద్దె కారు ఖర్చు నాలుగు వాటాలవుతుంది. డ్రైవింగ్ మనలాగే రోడ్డుకు ఎడమవైపు.

తాలెక్_గట్టు:
ఆగస్టుకి మీ లెక్క సరే, ఒప్పుకుంటాను. కానీ నెల మార్చుకునే వీలుంటే ఫిబ్రవరిలో అదే మారా సగం రుసుముకే వస్తుంది. విల్డెబీస్ట్ (ఆవు లాంటి పెద్ద జింక) మందలు అప్పుడు పక్కనే టాంజానియాలో, దక్షిణ సెరెంగెటిలో ఈనుతుంటాయి కాబట్టి అవి మారాలో నది దాటే పేరున్న దృశ్యం కనబడదు. సింహాలు, చీతాలు, ఏనుగులు మాత్రం ఏడాదంతా అక్కడే. పైగా మారా అంతా గడ్డి మైదానం, చూపు ఆనినంత దూరం కనిపిస్తుంది. క్రూగర్‌లో పొద చాటున చిరుత పడుకుని ఉంటే కొత్తవాడు పక్కనుంచే కారు పోనిచ్చేస్తాడు. మారా డ్రైవర్లు జంతువు ఎక్కడుందో రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు.

అందరూ డబ్బు పోగొట్టుకునేది ఒకచోట. మారా టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే. నైరోబీ నుంచి అయిదారు గంటలు ప్రయాణించి మూడింటికి లోపలికెళ్తే మూడు గంటలకే రోజంతటి రుసుమూ కట్టినట్టు. ఆ రాత్రి సెకెనాని గేటు బయట క్యాంపులో ఉండి, తెల్లారి 6కే లోపలికెళ్ళండి. ఇద్దరే వెళ్తుంటే మాత్రం గ్రూప్ వ్యానే నయం. క్రూగర్‌లో కారు ఖర్చంతా ఆ ఇద్దరి మీదే పడుతుంది.

కంకరదారి:
చిరుత సంగతి నిజమే. అందుకే ఆగస్టు అంటున్నాను. అది క్రూగర్‌లో ఎండు శీతాకాలం. గడ్డి పలచబడి, జంతువులు నీళ్ళ దగ్గరికే చేరతాయి. లోయర్ సాబీ క్యాంపు (పార్కు లోపల బస చేసే చోటు) పక్కన సన్‌సెట్ డ్యామ్ దగ్గర ఇంజన్ ఆపి గంటసేపు కూర్చోండి. హిప్పోలూ మొసళ్ళూ ఒకే నీళ్ళలో కనిపిస్తాయి. స్కుకుజా క్యాంపు నుంచి అక్కడికొచ్చే తారు రోడ్డు నది వెంటే సాగుతుంది, చిరుతలకు పేరున్న దారి.

తప్పు జరిగేది దూరాల లెక్కలో. తారు మీద గరిష్ఠ వేగం గంటకు 50 కిలోమీటర్లు, కంకర మీద 40. ఆగుతూ పోతే గంటకు 20–25 కిలోమీటర్లే తెగుతాయి. రోజుకు 120 దాటి పెట్టుకోవద్దు. ఆగస్టులో క్యాంపు గేట్లు సాయంత్రం ఆరింటికే మూసేస్తారు, ఆలస్యమైతే జరిమానా. అనుమతించిన చోట తప్ప కారు దిగకూడదు. అద్దె కారుకి డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, అందులో డిపాజిట్ బ్లాక్ చేస్తారు. టైర్లు, అద్దాల బీమా విడిగా తీసుకోండి. కంకర రాయి తగిలేది వాటికే, మామూలు బీమాలో చాలాసార్లు అవి ఉండవు.

మందులడబ్బా:
ఇద్దరూ టీకా సంగతి వదిలేశారు. కెన్యా వెళ్తే యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని పసుపు కార్డు (టీకా ధ్రువపత్రం) తీసుకోండి. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. క్రూగర్‌కి నేరుగా వెళ్తే ఇది అక్కర్లేదు. కానీ అడిస్ అబాబా, నైరోబీల్లో 12 గంటలు మించి ఆగితే దక్షిణాఫ్రికా కూడా కార్డు అడుగుతుంది. చవక టికెట్లకు ఇలాంటి ఆగుళ్ళే ఎక్కువ, బుక్ చేసే ముందే చూసుకోండి. మలేరియా మందు గురించి రెండు చోట్లకీ డాక్టర్‌ని అడగాలి.

సవన్నా_శీను:
తాలెక్_గట్టు గారూ, నెల మార్చలేం, మా సెలవుల్ని బట్టి కుదిరింది ఆగస్టే. క్రూగర్ కాటేజీల్లో వంట కుదురుతుందా?

కంకరదారి:
పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు ఉన్న గది కావాలని బుకింగ్‌లోనే చూసి ఎంచుకోండి. రైస్ కుక్కర్ తెచ్చుకుంటే మన గీజర్‌కుండే 16 ఆంప్స్ పెద్ద మూడు పిన్నుల కన్వర్టర్ ఒకటి పట్టుకురండి, అక్కడి గోడ సాకెట్‌లో అదే సరిపోతుంది. రాత్రి తలుపు, ఫ్రిజ్ తప్పక గడియపెట్టండి. బబూన్లు తెల్లారేసరికే వచ్చేస్తాయి.